దేవదానం తన రక్తం తిప్పిన రోజు

నేను ఒక సెంట్రిఫ్యూజ్‌ని. రక్తం నింపిన గొట్టాలను గిరగిరా తిప్పి, ఎర్రటిదంతా అడుక్కి దించి, పైన పసుపుపచ్చటి సీరం తేల్చి ఇవ్వడం నా పని. అంబాలాలో ఒక కార్ఖానాలో పుట్టాను. ఒక కాలేజీలో తొమ్మిదేళ్లు తిరిగి, వేలంలో తుని వచ్చి, బస్టాండు వెనక చిన్న ల్యాబు నడిపే దేవదానం చేతికి చిక్కాను.

మనుషులు చిత్రమైనవాళ్లు. పరగడుపున రమ్మంటే దారిలో టీ తాగి వచ్చి తాగలేదంటారు. తర్వాత కాగితం మీద అంకె చూసి వణుకుతారు. వాళ్లకు ధైర్యం చెప్పే దేవదానం మాత్రం పన్నెండేళ్లలో ఒక్కసారీ తన రక్తం నాలో పెట్టలేదు.

భయం. వాళ్ల నాన్న నలభై నాలుగేళ్లకే గుండెపోటుతో పోయాడు. నిరుడు వేసవిలో అన్న స్నానానికి నీళ్లు తోడుకుంటూ కూలిపోయాడు. అంతకు రెండు నెలల ముందు ఆ అన్న కొలెస్ట్రాల్ చూసి, అంతా మామూలుగానే ఉందని చెప్పింది దేవదానమే.

మామూలు పరీక్షలో కనబడని కొవ్వు రకం ఒకటుందని డాక్టరు భానుమతి గారు తర్వాత చెప్పారు. దాన్ని లైపోప్రోటీన్ ఎ అంటారట. పుట్టుకతోనే వస్తుందట, గుండె రక్తనాళాలను మెల్లగా పూడ్చేస్తుందట. నువ్వూ చూపించుకో అన్నారామె. నాలుగు నెలలు వాయిదా వేశాడు.

చివరికి భార్య సువార్త ల్యాబుకే వచ్చి కూర్చుంది. "మీ కోసం కాదండీ. మన పిల్లకుందో లేదో తెలియాలంటే ముందు మీది తెలియాలి కదా," అంది.

తన రక్తం తనే తీసుకున్నాడు. కంగారులో ఎదుటి వైపు బరువుకు పెట్టాల్సిన నీళ్ల గొట్టం మరిచిపోయి స్విచ్చి వేశాడు. నేను దడదడమని ఊగిపోయాను, బల్లంతా అదిరింది. గబుక్కున ఆపేశాడు. సువార్త మంచినీళ్లిచ్చింది. రెండోసారి సరిగ్గా తిప్పి, సీరాన్ని మంచు పెట్టెలో విశాఖలోని పెద్ద ల్యాబుకు పంపాడు.

యాభై లోపు ఉండాల్సింది నూట నలభై రెండు వచ్చింది. ఇది తిండి మానితే తగ్గేది కాదని, మిగతా చెడు కొవ్వునూ బీపీనీ మాత్రలతో బాగా దించితే ముప్పు తగ్గుతుందని డాక్టరు చెప్పారు. పిల్లకూ చూడమన్నారు.

పదిహేడేళ్ల కూతురు కెజియా చెయ్యి చాపింది. సూది వేయడంలో పేరున్న దేవదానానికి రెండుసార్లు నరం దొరకలేదు. మూడు రోజులకు వచ్చిన కాగితంలో నూట ముప్పై ఎనిమిది ఉంది. దాన్ని జేబులో దాచుకోబోతే ఆ పిల్లే తీసుకుని చదివింది.

"పెదనాన్నకి తెలియలేదు నాన్నా. మనకి తెలిసింది," అంది.

ఇప్పుడు నా మోటారు కాలిపోయింది. పాత సామాన్లవాడు వచ్చేదాకా ఈ మూల నాది. దేవదానం రోజూ మాత్ర వేసుకుంటాడు, అయినా మెట్లెక్కి వస్తే ఛాతీ తడుముకుంటాడు. వచ్చినవాళ్లను మాత్రం ఇప్పుడొక మాట అడుగుతున్నాడు, మీ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవాళ్లున్నారా అని. కొందరు లేదని నవ్వేస్తారు. కొందరు మెల్లగా చొక్కా చెయ్యి పైకి మడుస్తారు.