పూలబండి మీద మంత్రిగారు

2020 ఫిబ్రవరి పదకొండు. ఆ పొద్దున ఖమ్‌నోయ్ కొట్లో జిగురన్నం, కాల్చిన పచ్చిమిరపకాయల పచ్చడి తిన్నాను. చియాంగ్ మై కోటగోడకు ఆనించి, స్వన్ ప్రుంగ్ ద్వారం పక్కన వేసిన రేకుల కొట్టు అది. కొట్టును మర్నాడు పడగొడతామని కోటగోడకే నోటీసు అంటించారు. జిగురు పూస్తే వారసత్వ కట్టడానికి నష్టం లేదట, ఆవిడ పొయ్యి పొగ తగిలితేనే నష్టమట.

మా తాతల కాలంలో ఈ ఇటుకలే ఊడదీసి రోడ్లకు పరిచారు. మిగిలిన ముక్కకు ఇప్పుడు గౌరవం వచ్చింది. దాన్ని చూడడానికి ఆ రోజే బాంకాక్ నుంచి మంత్రిగారు వస్తున్నారు.

ఏర్పాట్లన్నీ విరోజ్ అనే అధికారివి. మంత్రిగారిని పూలబండి ఎక్కించి, ముందు భిక్షువులు నడవగా, జనం తాళ్లతో లాగుతూ ఈ ద్వారం గుండా ఊరి బయటికి తీసుకెళ్లాలి. విరోజ్ నివేదికలో ప్రతి ఇటుక కొలతా ఉంది. ఈ ద్వారం గుండా అలా వెళ్లేదెవరో మాత్రం లేదు.

మా ఊళ్లో శవాలు అలా వెళతాయి. నా భార్య చన్‌సోమ్ కూడా అలాగే వెళ్లింది. ఆ రోజు ఖమ్‌నోయ్ పొయ్యి ఆర్పేసి, తాడు లాగినవాళ్లందరికీ చల్లటి నీళ్లిచ్చింది. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే నాకు పెద్ద ఓదార్పు.

"ఆ విరోజ్ బాబుకి మీరైనా చెప్పకపోయారా మాస్టారూ?" అంది ఖమ్‌నోయ్, నాకు పచ్చడి వడ్డిస్తూ.

"చెప్పానమ్మా. స్థానిక నమ్మకాలన్నీ నివేదిక చివర అనుబంధంలో వేస్తానన్నాడు."

"అయితే మంత్రిగారినీ అందులోనే వేసుకోమనండి!"

మంత్రిగారు బండెక్కారు. వీధిలో జనం అలవాటుగా టోపీలు తీసి, తలలు వంచుకుని నిలబడ్డారు.

"ఎంత మర్యాద!" అని మురిసి, ఆయన ఖమ్‌నోయ్ వైపు తిరిగారు. "ఏమ్మా, ఈ ద్వారం గొప్పేమిటి?"

విరోజ్ ఫైలు తెరిచేలోపే ఆవిడ చేతులు తుడుచుకుంది. "గొప్పేముందయ్యగారూ! ఊళ్లో పోయినవాళ్లని ఇటే తీసుకెళతాం, ఇలాగే పూలబండి మీద. తిరిగొచ్చినవాళ్లని నేనైతే చూళ్లేదు. మీరు వెళ్లిరండి."

మంత్రిగారు వయసుకు మించిన చురుకుతో దిగిపోయారు.

"అది ఉత్త మూఢనమ్మకం సార్..."

"అయితే నువ్వెక్కు."

విరోజ్ ఎక్కలేదు.

దగ్గర్లో నీడంటే ఆ రేకులే. మంత్రిగారు వాటి కింద కూర్చుని రెండు గ్లాసుల నీళ్లు తాగారు. ఊరి చరిత్ర ఫైల్లో కాక ఈ కొట్లో ఉందని ప్రకటించి, ఫొటో తీయించుకున్నారు. ఆ నోటీసేమిటని అడిగితే, విరోజే గోళ్లతో గీకి పీకాడు. దాంతో పాటు గుప్పెడు ఇటుకపొడి రాలింది. ఆ రోజు కోటకు జరిగిన నష్టం అంతే.

సాయంత్రం ఖమ్‌నోయ్ నాకో అన్నం పొట్లం చేతిలో పెట్టి, నిప్పులు ఆర్పి, రేకు తలుపు చప్పుడు కాకుండా మూసింది.