పొగకొండ కింద నీళ్ళు

ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఆ ఇంగ్లీషువాళ్ళ ఇంట్లో పనికి చేరి నాలుగేళ్ళు దాటినా, బుల్లెమ్మకు బహ్రెయిన్ అంటే ఆ ఇల్లూ, వెనకవీధిలో కోల్డ్‌స్టోరనే కిరాణా కొట్టూ, బట్టలారేసే మేడా, అంతే. తుని అవతల కొండ కింద పల్లె ఆమెది. చింతపండుకనీ కుంకుళ్ళకనీ కట్టెలకనీ చిన్నప్పటినుంచీ కొండ ఎక్కి దిగిన కాళ్ళు ఇక్కడ వంటింటికీ హాలుకీ మధ్య పాలరాతి గచ్చు మీద తిరుగుతున్నాయి.

తొంభై అయిదు డిసెంబరులో మేడమ్ హెలెన్ తల్లి ఈడిత్ చలికాలం గడపడానికి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండు కర్రలా ఉన్నా నడక మాత్రం పాతికేళ్ళ పిల్లది. బుల్లెమ్మ ఆమెను మొదటిరోజే "మామ్మగారూ" అని పిలిచింది. ఈ దేశంలో తనకు పెట్టిన కొత్త పేరేమో అనుకుని, ఆవిడ హాయిగా పలకడం మొదలుపెట్టింది.

కిందటేడు ఆవిడ తన ఊళ్ళో కొండమీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అందుకని హెలెన్ తల్లిని గేటు దాటనిచ్చేది కాదు. పాపం, పెద్దావిడ పొద్దుటే లేచి ప్రహరీగోడ పక్కనే చుట్లు తిరిగేది. కిటికీలోంచి చూస్తున్న బుల్లెమ్మకు మనసు చివుక్కుమనేది.

ఒక మధ్యాహ్నం బుల్లెమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే మామ్మగారు వచ్చి ఎదురుగా కూర్చుంది. మీ ఊరెలా ఉంటుందని అడిగింది. బుల్లెమ్మ చెయ్యి పైకెత్తి చూపించింది.

"హిల్, మామ్మగారూ. బిగ్ హిల్."

ఆవిడ మొహం విప్పారింది. గబగబా లేచి గిన్నెలు తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఇవి మా కొండలు అంది. కొత్తిమీర కట్ట విప్పి వాటి మధ్య పరిచింది. అది అడవి. గిన్నెల మధ్య పళ్ళాలు పెట్టి నీళ్ళు పోసింది. వాగుకు అడ్డంగా రాతికట్ట కట్టి ఊరి తాగునీళ్ళ కోసం ఆపిన చెరువులట అవి, ఒకదాని కింద ఒకటి. చివరికి గోధుమపిండి చిటికెడు చిటికెడు రాలుస్తూ దారి గీసి, దానిమీద రెండు వేళ్ళను కాళ్ళలా నడిపించింది. ఇక్కడ గొర్రెలు మేస్తుంటాయి. ఇక్కడ గోడ దాటడానికి రాతిమెట్లు. ఇక్కడ చెట్ల కింద ఎండుటాకులు ఎంత మెత్తగా ఉంటాయంటే అడుగు చప్పుడే వినపడదు. ఈ గట్టున కొంగలు గూళ్ళు కడతాయి. ఇదిగో, ఈ గిన్నె మీదికెక్కితే ఊరంతా కనిపిస్తుంది. ఆదివారం వచ్చిందంటే ఆవిడా స్నేహితులూ ఫ్లాస్కులో టీ పోసుకుని బయల్దేరాల్సిందే.

బుల్లెమ్మ ఊరుకుంటుందా? పొయ్యి మీది ప్రెషర్ కుక్కరు దించి తెచ్చి గిన్నెల పక్కన నిలబెట్టింది. "ఇది మా కొండ!" అంది. దాని ముందు ఇంగ్లండు కొండలన్నీ పిల్లల ఆటవస్తువుల్లా కనిపించాయి. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

నవ్వు ఆగాక మామ్మగారు అడిగింది, ఇక్కడ ఒక్క కొండైనా లేదా అని. బుల్లెమ్మకు తెలియదు. పినతల్లి కొడుకు అమ్మిరాజు అస్కర్‌లో కూలీల క్యాంపులో ఉంటూ కంట్రాక్టరు దగ్గర పికప్ నడుపుతున్నాడు. వాడికి ఫోన్ చేసింది.

"ఒరే తమ్ముడూ, ఈ దేశంలో కొండనేది గానీ ఉందేంట్రా?"

"ఉందక్కా. జెబెల్ దుఖానంటారు. పొగకొండని అర్థమంట. మన కొండల ముందు దిబ్బనుకో. అయినా నీకెందుకే?"

"ఎందుకేంట్రా, ఎక్కడానికి!"

మర్నాడు టిఫిన్ల వేళ బుల్లెమ్మ మేడమ్ ముందు నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి ఏదీ అడగలేదు. తనకు వచ్చిన ఇంగ్లీషు ముక్కలన్నీ కూడదీసుకుంది.

"మేడమ్, నేను కొండ కింద పుట్టాను. మామ్మగారికి కొండ కావాలి. శుక్రవారం నేను తీసుకెళతా. చెయ్యి వదలను."

హెలెన్ పేపరు దించింది. బుల్లెమ్మ ఇంతసేపు మాట్లాడగలదని ఆమెకు ఆరోజే తెలిసింది. తల్లి వంక చూసింది. తల్లి రొట్టెముక్క మీద వెన్న రాసుకుంటూ ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

"మధ్యాహ్నం భోజనానికల్లా ఇంట్లో ఉండాలి," అంది హెలెన్ చివరికి.

శుక్రవారం అమ్మిరాజు ఫోర్‌మన్‌ని బతిమాలి పికప్ తెచ్చాడు. వెనకాల అతని గదిలో ఉండే దేవన్న కూడా ఉన్నాడు, కరీంనగర్ మనిషి. చమురు బావులూ పైపులూ దాటుకుని పోతే, బూడిదరంగు రాళ్ళ మధ్య కొండ కనిపించింది. దేవన్న దిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"గిదా గుట్ట? మా ఊర్ల పిల్లలు మూత్రానికి గింతకన్నా పెద్ద గుట్టెక్కుతరు. దుబాయొచ్చినంక గుట్టలు గూడ సన్నగయినయి!" గల్ఫ్‌లో ఏ దేశమైనా అతనికి దుబాయే.

కానీ ఎక్కుతుంటే రాళ్ళు కాలికింద గలగలా జారాయి. బుల్లెమ్మ ముందు నడిచి, ఒక్కో రాయినీ పాదంతో నొక్కి చూసి, ఆ తరవాతే వెనక్కి చెయ్యి చాపింది. అడుగు ఎక్కడ వెయ్యాలో ఆమె కాళ్ళకు ఇంకా గుర్తుంది. సగం దాకా వచ్చేసరికి ఎవరు ఎవర్ని ఎక్కిస్తున్నారో తెలియకుండా పోయింది. పైకి చేరాక మామ్మగారు రెండు చేతులూ చాచి గట్టిగా కేక పెట్టింది. అటో సముద్రం, ఇటో సముద్రం, మధ్యలో తాము. బుల్లెమ్మ పులిహోర విప్పింది. ఆవిడ దేవన్నను చూసి చేత్తోనే కలుపుకుని తిని, మిరపకాయ కొరికి, కళ్ళ నీళ్ళతో ఇంకాస్త పెట్టమంది.

అప్పుడు వాన మొదలైంది. ఆ దేశంలో వానంటే నాలుగు చినుకులని అనుకున్నారు గానీ, పడమటినుంచి నల్లగా కమ్ముకొచ్చి కుండపోతగా కురిసింది. దిగడానికి వీల్లేదు. కొండ పక్కనున్న గుహలో దూరి, ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. దేవన్న పాట ఎత్తుకున్నాడు. మామ్మగారు రాయి మీద తాళం వేసింది.

తగ్గాక దిగి చూస్తే, పొద్దున ఎండిపోయి ఉన్న పల్లంలో నీళ్ళు! గట్టునుంచి గట్టుదాకా నిండి, మబ్బుల్ని చూపిస్తూ తళతళలాడుతున్నాయి. పికప్ చక్రాలు సగందాకా బురదలో దిగబడ్డాయి.

"ఖలాస్," అన్నాడు అమ్మిరాజు తల పట్టుకుని. "మేడమ్‌గారు నిన్ను ఊరికి పంపించేత్తారక్కా."

బుల్లెమ్మ రోడ్డు వైపు చూసింది. ఈలోగా మామ్మగారు బూట్లు విప్పి, చేత పట్టుకుని, ఆ నీళ్ళ అంచున నడక మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి, "బుల్లెమ్మా! రిజర్వాయర్!" అని కేకేసింది. బుల్లెమ్మ చెప్పులు అక్కడే వదిలి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి పరిగెత్తింది. వేళ్ళ సందుల్లోంచి చల్లని బురద పైకి ఉబికింది. ఎన్నేళ్ళయిందో అలా నడిచి! మగవాళ్ళిద్దరూ చక్రాల కింద రాళ్ళు వేస్తుంటే, ఆడవాళ్ళిద్దరూ నీళ్ళ చుట్టూ తిరిగారు.

భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది. వాళ్ళు రెండోచుట్టులో ఉండగా రోడ్డు మీద తెల్లకారు ఆగింది. హెలెన్ దిగింది. జుట్టు చెదిరి, మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా! నీకేమైందోనని నేను..." అని అరుస్తూ వచ్చి, అక్కడే ఆగిపోయింది. మోకాళ్ళదాకా బురద, తడిసిన తెల్లజుట్టు, బుల్లెమ్మ చేతిలో చెయ్యి. తల్లి అలా నవ్వడం చూసి చాలా ఏళ్ళయింది ఆమెకు.

బుల్లెమ్మ ముందుకొచ్చింది. "ఆలస్యం నాదే మేడమ్. చెయ్యి మాత్రం వదల్లేదు."

హెలెన్ ఆమె వంక చూసింది. తల్లి వంక చూసింది. ఏడవబోయి నవ్వేసింది. బండరాయి మీద కూర్చుని తన బూట్లూ మేజోళ్ళూ విప్పింది.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

"చాలా!" అన్నారిద్దరూ.

ఆ చలికాలమంతా బుల్లెమ్మకు శుక్రవారాలు సెలవైపోయాయి. జల్లాక్ సముద్రపొడ్డు, బుదయ్యా ఖర్జూరపు తోటలు, రిఫా లోయ అంచు, అన్నిటిమీదా వాళ్ళ అడుగులు పడ్డాయి. మార్చిలో మామ్మగారు విమానమెక్కింది. ఎయిర్‌పోర్టులో బుల్లెమ్మను గట్టిగా వాటేసుకుని, మీ కుక్కరు కొండ చూడ్డానికి వస్తానంది.

తరవాతి శుక్రవారం పొద్దున్నే హెలెన్ వంటింటి గుమ్మంలో టోపీ పెట్టుకుని నిలబడింది.

"ఇవాళ ఎటు వెళ్దాం, బుల్లెమ్మా?"

"యల్లా మేడమ్, పోదాం పదండి," అంది బుల్లెమ్మ కొంగు బిగిస్తూ. "నువైద్రాత్ తోటల్లోకి. అక్కడ దారి ఎలా ఉంటుందో నాకూ తెలీదు!"