గోనె బరువు

అమావాస్య వస్తే బళ్ళారి బజారులో అంగళ్ళవాళ్ళు గుమ్మడికాయ కొట్టి కాటాకు పూజ చేస్తారు. గురునాథ్ ఎండుమిర్చి అంగట్లో ఆ పైన ఇంకో పని కూడా ఉంటుంది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఆ రోజు తూచాలి. బిడ్డను ఒంటరిగా కాటా మీద పెడితే దిష్టి తగులుతుందని తల్లి చంకలో ఉంచే తూస్తారు. వచ్చిన దాంట్లోంచి తల్లి బరువు తీసేస్తారు, మిర్చి బస్తాలోంచి గోనె బరువు తీసేసినట్టు. గోనెను ఒక్కసారి తూస్తే చాలు గదా! అందుకని గురునాథ్ భార్య వినూత బరువు పెళ్ళినాడు తూచిన యాభై కిలోలే. ఆరేళ్ళు గడిచినా, ఒక కాన్పయినా అదే లెక్క.

ఆ ఇంటి పిల్లల బరువు ఒకచోట నిలవదు. రెండున్నరేళ్ళ అర్పిత, వినూత కురుగోడులోని పుట్టింటికి బస్సెక్కే రోజు రెండు కిలోలుంటుంది. సూది వేయించే రోజు ముప్పై ఉంటుంది. బజారులో ఎవరికీ ఇది వింత కాదు. ఆటో తిమ్మన్న అయితే వినూత బిడ్డనెత్తుకుని వచ్చే నడక చూసే లగేజీ ఛార్జీ కలపాలో వద్దో చెప్పేస్తాడు.

గురునాథ్ కూడా అలాంటి బిడ్డే. ముప్పై మూడేళ్ళ కిందట బడి గేటు దగ్గర తల్లి చంకలో యాభై కిలోలు తూగాడు. మరుసటి ఏడూ అంతే, ఆపై ఏడూ అంతే. ఇంత బరువు మోసుకుని బడికేం పోతాడులే అని పెద్దలు అంగట్లోనే కూర్చోబెట్టారు. అక్షరాలు తాత నేర్పాడు, గోనెసంచుల మీద. ఇప్పటికీ బడిగంట వినబడితే గురునాథ్ చేతిలో పని ఆపేస్తాడు.

అందుకే బిడ్డను నర్సరీలో వేసే వేళకి అతను పట్టుబట్టాడు.

"పెద్ద ఇస్కూల్లోనే ఎయ్యల్ల. ఇప్పుడు చేరిస్తే పదో తరగతి దాకా చింత లేదు. చంద్రిక టీచరమ్మ ఇంటిబడిలో వేస్తే ఒకటో తరగతికి మళ్ళా సీటు కోసం తిరగల్ల."

"పసిదిరా అది," అంది అతని తల్లి నాగరత్నమ్మ. "టీచరమ్మ ఇంట్లో పన్నెండు మందే పిల్లోళ్ళు. వాకిట్లో ఆడుకుంటారు. సాకు, అంతే చాలు!"

ఇద్దరూ వినూత వైపు చూశారు. ఆమె ఎటూ చెప్పలేకపోయింది. భర్త మాటలో న్యాయముంది, అత్త మాటలోనూ ఉంది. తప్పు అడుగు వేస్తే పడేది బిడ్డ మీద. ఆ భయానికి నాలుగు రోజులుగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

"కాటా అబద్ధమాడదు," అన్నాడు గురునాథ్. "రెండు చోట్లా తూద్దాం."

అంగట్లోని చిన్న కాటాను తిమ్మన్న ఆటోలో వేసుకుని మొదట చంద్రిక టీచరమ్మ ఇంటికి పోయారు. అరవై ఒకటింబావు. గోనె పోతే పదకొండుంబావు. రాసుకున్నారు. వచ్చేటప్పుడు టీచరమ్మ వినూతను పక్కకు పిలిచి, పాపకు వచ్చిన మాటలు ఏమేమని అడిగి నోటు పుస్తకంలో రాసుకుంది.

మరునాడు పెద్ద ఇస్కూలు. దరఖాస్తుకు అదే ఆఖరు రోజు. తప్పు పట్టడానికి అక్కడేమీ లేదు. నేల అద్దంలా ఉంది, జారుడుబండ ఉంది, ఆయా అంజినమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. ఆఫీసు వరండాలో కాటా పెట్టి వినూత బిడ్డతో ఎక్కింది. తొంభై!

"నలభై కిలోలు," అన్నాడు గురునాథ్. "నా మాదిరే అయిపాయె."

గెలుపు నాగరత్నమ్మదే. నోరు మూసుకుంటే చాలు, మనవరాలు ఆమె కోరిన చోటికే పోతుంది. కానీ కొడుకు ముఖం చూసి ఆమె మూసుకోలేకపోయింది.

"బిడ్డను దించి తూచమ్మీ," అంది కోడలితో.

"దిష్టి గదా అత్తమ్మా?"

"ఏం దిష్టీ లేదు. దించు."

అర్పిత ఒక్కతే కాటా మీద నిలబడి అంకెల్ని బూటుతో తొక్కబోయింది. పదకొండుంబావు.

నాగరత్నమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ పొద్దు బడి గేటు కాడి నుంచి వచ్చి నిన్ను ఇంట్లో దించినాక ఉయ్యాల ఎక్కినాను గురునాథా. ఇనప గొలుసు తెగింది. బరువు నీది కాదు నాయనా. నిన్ను వదిలి ఉండలేక నేనే బరువైతిని. తెలిసీ చెప్పలేదు. మూడేండ్లూ చెప్పలేదు."

వినూతకు సిగ్గేసింది, వెంటనే కోపమూ వచ్చింది. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో తనను తూచినవాళ్ళే లేరు. ఆ కోపంలోనే ఆమెకు మాట దొరికింది.

"అవును, నాకే బరువు. ఇది నీళ్ళను 'తుత్తు' అంటాది. ఈడ నలభై మందిలో తుత్తు అంటే ఎవరికి తెలుస్తాదండీ? టీచరమ్మ అడిగి రాసుకునింది. నేను ఆమె దగ్గరే వదుల్తా."

"మరి ఒకటో తరగతికి సీటు దొరక్కపోతే?"

"అప్పుడు తిరుగుదాం. అప్పటికి దానికి నీళ్ళు అనడం వస్తాది."

గురునాథ్ తలూపాడు. బిడ్డను తీసుకోవడానికి కాటా ఎక్కి దాన్ని ఎత్తుకున్నాడు. అంకె కదల్లేదు. పదకొండుంబావు దగ్గరే నిలబడింది. డెబ్భై కిలోల మనిషి బడి వరండాలో ఏమీ తూగలేదు.

ఆఫీసు గుమాస్తా ఉమేశ్ కిటికీలోంచి అంకె చూసి, సొరుగు తీసి ఇంకో కాగితం బయట పెట్టాడు.

"మీకా సార్? ఆదివారం పెద్దోళ్ళకు పదో తరగతి క్లాసులుండాయి. ఇంట్లో చదివినోళ్ళు కూడా పరీక్ష రాయొచ్చు."

గురునాథ్ తల్లి వైపు చూశాడు, అడిగినట్టు.

"తీసుకో నాయనా," అంది నాగరత్నమ్మ. "పెద్దల సంతకం యాడ పెట్టాల, చూపించప్పా."

"ఆయప్పకు అక్కరలేదమ్మా, పెద్దాయనే గదా," అన్నాడు ఉమేశ్.

"ఉండనీ. నేను పెడతా."

ఉమేశ్ అడుగున ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. గురునాథ్ పెన్ను తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు గానీ బరువు లేక గాల్లోకి తేలిపోతున్నాడు. వినూత బిడ్డను అతని ఒళ్ళో కూర్చోబెట్టింది. నాగరత్నమ్మ సంతకం పెట్టేదాకా ఆ పదకొండుంబావు కిలోలే అతన్ని కుర్చీలో పట్టి ఉంచాయి.