నూగు వాలు

ఐసు ముక్కను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రెండో స్నూకర్ బల్ల మీద అతుక్కున్న చూయింగ్ గమ్ మీద అదిమి పట్టుకున్నాడు క్లారీ పాస్కో. అది రాయిలా గట్టిపడే దాకా చెయ్యి కదపకూడదు. తొందరపడి లాగితే పచ్చ గుడ్డ నూగంతా దానితోపాటే ఊడొస్తుంది. వేళ్ళు కొంకర్లు పోతున్నా అలాగే నిలబడ్డాడు.

"ఛీ! నోట్లో నమిలినదాన్ని తీసి బల్లకి అంటించడానికి వీళ్ళకి చేతులెలా వచ్చాయో," అన్నాడు ఖాళీ హాలుతో.

ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో ఆ గని కార్మికుల క్లబ్బుకి శనివారం పొద్దున ఒక వాసన ఉంటుంది. పులిసిన బీరు, వెనిగర్ పోసిన చిప్స్, తడి తివాచీ, వీటన్నిటి మీదా ఊరి ఎర్ర దుమ్ము. ముప్పై నాలుగేళ్ళుగా ఆ వాసన పీలుస్తున్నాడు క్లారీ. అలవాటు కాలేదు. అలవాటైన వాళ్ళని చూస్తే అతనికి ఇంకా అసహ్యం.

గమ్ ముక్క టప్పున ఊడింది. దాన్ని కాగితంలో చుట్టి, బంతులు పడే ఒక్కొక్క పాకెట్‌లోనూ చెయ్యి పెట్టి తడిమాడు. ఒకదాంట్లో కోడి ఎముక. ఇంకోదాంట్లో ఎవరి వేలినుంచో జారిన కట్టు, నెత్తురు మరకతో సహా. మూడోదాంట్లో ఉన్నదాన్ని వెంటనే బయటికి తీయలేదు. మెత్తగా, చుట్టచుట్టి ఉంది. చంటిపిల్లలకి కట్టే డయాపర్. అది ఖాళీది కాదు. అంటే ఎవరో మహాతల్లి పిల్లాణ్ణి బల్ల మీదే పడుకోబెట్టి మార్చిందన్నమాట.

"గ్లెనిస్! ఇటొచ్చి ఈ వైభోగం చూడు."

బారు వెనక గ్లాసులు తుడుస్తున్న గ్లెనిస్ మెడ చాచి చూసింది. "అబ్బా, నాకు చూపించకు. ఇంకా పొద్దుటి టీ కూడా తాగలేదు."

"ఎవరి పిల్లాడు?"

"నాకేం తెలుసు? నువ్వు కనుక్కుని ఏం చేస్తావు? పోయి స్నానం చేయించి వస్తావా?"

క్లారీకి నవ్వు రాలేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. భూమి లోపల పాతికేళ్ళు పనిచేసి పైకొచ్చేసరికి ఊపిరితిత్తుల్లో గని కొంత మిగిలిపోయింది. నాలుగడుగులు వేస్తే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. కుడి బొటనవేలు మిగతా వేళ్ళకంటే వెడల్పు, బ్రష్షు పట్టి పట్టి అలా అయింది. పెళ్ళాం డోరీన్ బతికున్నంత కాలం ఒకటే దెప్పేది. "ఆ బల్లల్ని అంత దువ్వుతావు, ఇంట్లో దుప్పటి ఒక్కసారి దులిపిన పాపాన పోలేదు." నిజమే. దులపలేదు. ఆవిడ పోయి ఆరేళ్ళు. ఇప్పుడు రోజూ దులుపుతాడు, అనడానికి మనిషి లేదు.

బ్రష్షు కోసం కిటికీ దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. ఎవరో దాన్ని వాడి, వెంట్రుకలు కిందికి ఉండేటట్టు నిలబెట్టి వదిలేశారు. బరువుకి గుర్రపు వెంట్రుకలన్నీ ఒకవైపుకి ఒరిగిపోయాయి. ఒళ్ళు మండిపోయింది. ఈ క్లబ్బులో అతను ఎవరికైనా నేర్పాలని చూసిన పాఠం ఒక్కటే: బ్రష్షు కింద పెడితే వెల్లకిలా పెట్టండి. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క మనిషికీ ఎక్కలేదు. వేళ్ళతో వెంట్రుకల్ని ఒక్కొక్క కుచ్చూ నిటారు చేస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి మొదటి బల్ల మీద ఫైనల్. మిల్డ్యూరా జట్టు వాళ్ళు మూడొందల కిలోమీటర్లు కారేసుకుని వస్తున్నారు. వాళ్ళ తరఫున చివరి ఆట ఆడేది నెరిడా అనే ఆవిడ. ద్రాక్షతోటల్లో లారీ తోలుతుందిట. బంతిని గట్టిగా కొట్టదు. మెల్లగా దొర్లిస్తుంది, అది నిద్రలో నడిచినట్టు వెళ్ళి పాకెట్‌లో పడుతుంది. అలా ఆడేవాళ్ళంటే క్లారీకి లోపల్లోపల ఇష్టం. గట్టిగా కొట్టేవాడికి బల్లతో పని లేదు, ఏ బల్ల అయినా ఒకటే. మెల్లగా దొర్లించేవాళ్ళకే గుడ్డ సంగతి కావాలి.

గుడ్డ సంగతి అంటే పెద్ద విద్య ఏమీ కాదు. అది ఉన్ని గుడ్డ. పిల్లి వీపులాగే దాని నూగు ఒకవైపే వాలి ఉంటుంది. ఆట మొదలుపెట్టే గీత దగ్గర్నుంచి ఎదుటి చివరకి. దువ్వినా, ఇస్త్రీ చేసినా ఆ వాలునే పోవాలి. అడ్డంగా పోకూడదు, ఎదురు అసలు పోకూడదు. ఎదురు తోలితే నూగు లేచి నిలబడుతుంది. పైకి ఏమీ కనబడదు. కానీ మెల్లగా వచ్చే బంతి అక్కడికి రాగానే దాని దారి మారిపోతుంది.

మొదటి బల్లని దువ్వడం మొదలుపెట్టాడు. చిన్న చిన్న తోపులు, ఒకదాని పక్కన ఒకటి. కర్ర కొనకి రాసే నీలం చాక్ పొడి ముందుకు పోగవుతోంది. అందులో గోళ్ళ ముక్కలు, చుండ్రు, చిప్స్ మీద చల్లే పసుప్పచ్చ ఉప్పు. మనుషులు ఇన్ని రాలుస్తారా! బల్ల మీద వంగి ఆడి లేచిన ప్రతివాడూ తనలోంచి ఏదో ఒకటి అక్కడ వదిలేసి పోతాడు. అదంతా ఎత్తి పోయడానికే ఒక మనిషి పుట్టాడా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది క్లారీకి. చేటలోకెత్తి పారబోసి దగ్గాడు. రుమాల్లో ఉమ్మి, చూడకుండా మడిచాడు.

"ఏం పెద్దాయనా, మెరిపించేస్తున్నావే!"

రాస్ ట్రెలోర్. జట్టు కెప్టెన్, క్లబ్బు కమిటీకి అధ్యక్షుడు కూడా. నలభై ఐదేళ్ళు, ఎర్రటి మెడ. చేతిలో మాంసం కూరిన రొట్టె. టమాటా సాసు కారుతుంటే బల్ల మీదికి వంగాడు.

"అవతల నిలబడి తిను," అన్నాడు క్లారీ.

రాస్ నవ్వి రెండడుగులు వెనక్కేశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీతో ఒక పని పడింది. ఆ ఎదుటి చివర, కుడిమూల పాకెట్ ముందర ఒక్క జానెడు మేర ఎదురు తోలు. ఎదురు బ్రష్షు, ఎదురు ఇస్త్రీ. అంతే. మనవాళ్ళకి చెప్పేస్తాను, అక్కడ గట్టిగా కొట్టమని. ఆవిడ ఎలాగూ దొర్లిస్తుంది."

క్లారీ బ్రష్షు ఆపలేదు. "మీ నాన్నా ఇదే అడిగాడు."

"అడిగాడు. నువ్వు చేశావు. ఆ కప్పు ఇంకా అద్దాల బీరువాలో ఉంది. నాన్న చచ్చే ముందు నాకు చెప్పి నవ్వాడు కూడా."

"నవ్వాడా?"

"మరి నవ్వడా!" రొట్టె చివరి ముక్క నోట్లో కుక్కుకున్నాడు రాస్. వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు. "ఇంకో మాట. సోమవారం కమిటీలో క్లీనింగు కాంట్రాక్టు సంగతి వస్తోంది. బల్లలు కూడా వాళ్ళే చూసుకుంటారట. గిర్రున తిరిగే బ్రష్షు మిషను ఉందట వాళ్ళ దగ్గర. నేను వద్దంటే ఆగుతుంది. అనకపోతే ఆగదు. ఆలోచించుకో మరి."

భుజం తట్టి వెళ్ళిపోయాడు. క్లారీ చొక్కా భుజం మీద సాసు మరక మిగిలింది.

అది ముప్పై ఏళ్ళ కిందట. మిల్డ్యూరా జట్టే. ఆల్ఫ్ రెన్‌షా అని ఒక మనిషి, రైల్వేలో పనిచేసేవాడు. చివరి నల్ల బంతి, అది పడితే కప్పు వాళ్ళదే. ఎంత మెల్లగా, ఎంత అందంగా దొర్లించాడో! పాకెట్‌కి రెండంగుళాల ముందు బంతి పక్కకి తప్పుకుంది. హాలంతా అరుపులు. ఆల్ఫ్ గుడ్డ వైపు చూడలేదు. తన కుడి చేతి వైపు చూసుకున్నాడు. వేళ్ళు విప్పాడు, ముడిచాడు, మళ్ళీ విప్పాడు. తప్పంతా ఆ చేతిలోనే ఉందనుకున్నాడు. ఆ తర్వాత అతను ఆట మానేశాడని విన్నాడు క్లారీ. ఆ సాయంత్రం డోరీన్ గొర్రెమాంసం వేయించి పెడితే రెండు ముక్కలు తిని కక్కేశాడు. మాంసం పాడైందేమో అన్నాడు. "నా వంటకేం రోగం!" అని ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. ఆవిడకి కూడా చెప్పలేకపోయాడు. అందరి గమ్ములూ, ఎముకలూ చూసి ఛీ అనే మనిషి, అద్దంలో గడ్డం గీసుకునేటప్పుడు కూడా అదే మాట అనుకుంటాడు.

ఇస్త్రీపెట్టె వేడెక్కింది. పాత పేపరు మీద ఒత్తి చూశాడు. కాగితం పసుప్పచ్చ కాలేదు, సరిపోయింది. గీత దగ్గర మొదలుపెట్టి తిన్నగా ఎదుటి చివర దాకా తోసుకుపోవడం, పెట్టె పైకెత్తడం, మళ్ళీ గీత దగ్గరికి రావడం. ఎక్కడా ఆగకూడదు, ఆగితే గుడ్డ మాడుతుంది. కుడి వరస ఆఖరున మిగిలింది. అక్కడికి వచ్చి పెట్టెను గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. జానెడు మేర. ఎవరికీ కనబడదు.

ఈ మూడు బల్లలూ పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలి? ఇంట్లో ఒక కుర్చీ, ఒక టీవీ, దులిపిన దుప్పటి ఉన్నాయి. గిర్రున తిరిగే మిషను ఈ గుడ్డ మీద ఎక్కుతుందనుకుంటేనే పళ్ళు పులిసినట్టయింది.

"థూ," అన్నాడు.

పెట్టెను గీత దగ్గర దించి, వాలునే తోసుకుంటూ మూల పాకెట్ దాకా తీసుకుపోయాడు. మళ్ళీ ఇంకోసారి, అదే దారిన. గుడ్డ చల్లారాక తెల్ల బంతిని చేత్తో మెల్లగా వదిలాడు. అది తిన్నగా, తొందరేమీ లేకుండా వెళ్ళి కుడిమూలలో పడింది. సోమవారం సంగతి అప్పుడే తేలిపోయింది. ఛాతీలో ఏదో బిగపట్టినట్టుంటే, వేడి గాలి వల్ల అనుకున్నాడు.

రెండింటికి హాలు నిండింది. గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు క్లారీ. ఆటకీ ఆటకీ మధ్య లేచి బల్ల దువ్వడం, మళ్ళీ వచ్చి కళ్ళు మూసుకుని బంతుల చప్పుడు వినడం అతని పద్ధతి. నిద్రపోతున్నాడని కొత్తవాళ్ళు నవ్వుతారు. నాలుగు ఆటలయ్యేసరికి చెరి రెండు గెలిచారు. ఐదో ఆటకి రాస్, నెరిడా. బల్ల దువ్వడానికి లేస్తే నేల ఊగింది. ఎలాగో చివర దాకా దువ్వి, బ్రష్షు వెల్లకిలా కిటికీలో పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

"నీళ్ళు కావాలా క్లారీ? ముఖం పిండిలా ఉంది," అంది గ్లెనిస్.

"తర్వాత. ఆట చూడనీ."

చివరికి బల్ల మీద నల్ల బంతి మిగిలింది. నెరిడా వంతు. పొట్టి మనిషి, ఎండకి కమిలిన ముఖం. కుడిమూల పాకెట్. అవతల రాస్ పెదవి చివర నవ్వు దాచుకుంటున్నాడు. ఆ నవ్వు చూసి క్లారీకి పొద్దుటి డయాపర్ గుర్తొచ్చింది. నెరిడా వంగి మెల్లగా కొట్టింది. కర్ర తగిలే క్షణంలో ఆవిడ మోచెయ్యి వెంట్రుకవాసి లేవడం చూశాడు క్లారీ. నల్ల బంతి పాకెట్ పెదవికి తగిలి బయటే నిలబడింది.

చెయ్యి, అనుకున్నాడు. ఈసారి నిజంగా చెయ్యే. కళ్ళు మూసుకున్నాడు.

రాస్ నల్ల బంతిని దబ్బున కొట్టి ముగించాడు. హాలు అదిరిపోయింది. అందర్నీ తోసుకుంటూ వచ్చి కుర్చీ మీదికి వంగి, "చేశావు కదూ! నాకు తెలుసు నువ్వు చేస్తావని. సోమవారం గురించి మర్చిపో," అని చెవిలో చెప్పి, బీరు గ్లాసు కుర్చీ పక్కన పెట్టాడు. క్లారీ కళ్ళు తెరవలేదు. అతనెప్పుడూ అంతే.

నెరిడా ఇంకా బల్ల దగ్గరే ఉంది. గుడ్డ మీదికి వంగి కళ్ళు చికిలించి చూసింది. తర్వాత ఒక బంతి తీసుకుని అదే దారిలో మెల్లగా వదిలింది. రాస్ నవ్వు ఆగిపోయింది. బంతి తిన్నగా వెళ్ళి పాకెట్‌లో పడింది. ఇంకోటి వదిలింది. అదీ పడింది. మూడోదీ పడింది. చప్పట్లు కొడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు.

"బల్ల నిఖార్సుగా ఉంది," అందావిడ పైకే. "తప్పు నాదే. ఇంత బాగా పెట్టిన గుడ్డ మీద ఎప్పుడూ ఆడలేదు. ఎవరండీ చూసేది దీన్ని?"

గ్లెనిస్ కుర్చీ వైపు చూపించింది. నెరిడా వచ్చి చెయ్యి చాపింది. "అయ్యా" అని పిలిచింది, మళ్ళీ పిలిచింది. తర్వాత వంగి, ఒళ్ళో ఉన్న ఆ చేతిని తనే అందుకుంది. వదలకుండా అలాగే నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది.

అంబులెన్సు వచ్చింది, వెళ్ళింది. మిల్డ్యూరా వాళ్ళు టోపీలు తీసి నిలబడి, చీకటి పడకముందే బయల్దేరారు. రాస్ ఒక్కడే మొదటి బల్ల దగ్గర మిగిలాడు. ఎవరో బల్ల అంచు మీద తడి గ్లాసు పెట్టి పోయారు. దాన్ని తీసి కింద పెట్టాడు. బ్రష్షు తెచ్చాడు. పదహారో ఏట నుంచీ ఈ బల్ల మీద ఆడుతున్నాడు. ఏ చివర నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. అటు వెళ్ళాడు, ఇటు వచ్చాడు. రెండు తోపులు తోసి ఆపేశాడు.

"అది ఎదురు," అంది గ్లెనిస్ బారు వెనకనుంచి, ముక్కు తుడుచుకుంటూ.

"చేయలేదు," అన్నాడు రాస్. "గ్లెనిస్, ఆయన చేయలేదు."

"ఏం చేయలేదు?"

రాస్ బ్రష్షు బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. గ్లెనిస్ దీపాలు ఆర్పేటప్పటికి అది అక్కడే ఉంది, పిడి మీద బొటనవేలు అరగదీసిన గుంటతో, వెంట్రుకలు కిందికి.