సముద్రానికి దుబాసీ

సోమవారం పదకొండింటికి సముద్రం ఢిల్లీలో పార్లమెంటు కమిటీ ముందు సాక్షిగా హాజరైంది. ఒక్క చుక్క ఒలక్కుండా కుర్చీలో కూర్చుంది. సందర్శకుల కార్డు ఎక్కడ తగిలించాలో తెలియక గుమాస్తా దాన్ని అల మీద పెట్టాడు. కార్డు మునగలేదు.

సముద్రానికి కాకినాడ తీరపు తెలుగు తప్ప మరో భాష రాదు. అందుకని తెలుగు సభ్యుల ప్రసంగాలను హిందీలోకి మార్చి చెప్పే మైలపల్లి నూకరత్నాన్ని పిలిపించారు. ఆమెది ఆ తీరమే. రెండేళ్ళ కిందట వాళ్ళ వీధిని తీసుకుపోయింది ఈ సముద్రమే. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు గానీ, పనివేళ కాబట్టి పలకరించుకోలేదు.

మొదటి రోజంతా సముద్రం ఏ పార్టీ తరఫున వచ్చిందన్న వాదనతోనే సరిపోయింది. మర్నాడు వృద్ధిరేటు మీద చర్చ. ఏడు శాతం పెరిగామని ఒకరు, అందులో సగం అబద్ధమని మరొకరు అరుచుకున్నారు.

"ఏటమ్మే అంటన్నారు?" సముద్రం అడిగింది.

"దేశం పెరుగుతోందంట."

"నేనూ పెరుగుతున్నా గదా. నన్నెవరూ మెచ్చుకోరేటి?"

నూకరత్నం ఉన్నదున్నట్టు హిందీలో చెప్పింది. న్యాయమైన ప్రశ్నేనని అధ్యక్షుడు ఒప్పుకున్నాడు. సభ్యులు బల్లలు చరిచారు. సముద్రం మొహమాటపడుతూనే ఒక అంగుళం పెరిగింది.

భోజన విరామంలో నూకరత్నం పునరావాస కాలనీలో ఉంటున్న తల్లి పోలమ్మకు ఫోన్ చేసింది.

"ఎలాగుందే సముద్రం? సిక్కిపోయిందా?" పోలమ్మ అడిగింది.

"బాగానే ఉందమ్మా. మన ఇంటి సంగతి అడగనా?"

"ఒద్దే. పరాయి ఊళ్ళో దాని పరువు తియ్యకు."

బుధవారానికి నూకరత్నం కుర్చీలో ఒక యంత్రం ఉంది. ఏ భాషనైనా క్షణంలో మార్చేస్తుందని దాన్ని తెచ్చిన అధికారి చెప్పాడు. సముద్రం ఏమన్నా అది "ధన్యవాదాలు" అని చెప్పింది. సభ్యుల ప్రాణం కుదుటపడింది. శనివారం నుంచి రానక్కర్లేదని నూకరత్నానికి చెప్పి, అంతవరకూ గోడవారన నిలబడమన్నారు.

శుక్రవారం వాతావరణ బిల్లు వచ్చింది. ఎంతదాకా వస్తావని అధ్యక్షుడు సాక్షిని అడిగాడు. సముద్రం చాలాసేపు మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ నూకరత్నం వైపే చూసింది.

"ధన్యవాదాలు," అంది యంత్రం.

నూకరత్నం గోడవార నుంచి కదిలింది. వెళ్ళి మైకు అందుకుంది.

"అది అన్నది అలా కాదండీ. ఆగాలనే ఉందంట. ఎలా ఆగాలో మర్చిపోయిందంట. ఎవరైనా ఆగి చూపిస్తే నేర్చుకుంటానంటోంది."

ఆగడం సభ్యుల్లో ఎవరికీ రాదు. అందువల్ల సముద్రాన్ని వదిలేసి, తీరాన్నే భద్రమైన చోటికి తరలించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అక్కడి మాట తెలిసిన మనిషి కాబట్టి నూకరత్నం చేత సంతకం పెట్టించుకుని, తడి చాపలా చుట్టిన తీరాన్ని ఆమె చేతికిచ్చారు.

మెట్రో స్టేషన్లో దాన్ని సామాన్లు తనిఖీ చేసే యంత్రంలో పెట్టమన్నారు. తెరమీద ఊళ్ళు ఒకదాని వెంట ఒకటి కదిలాయి. ఎండలో ఆడవాళ్ళు చేపలు ఆరబెడుతున్నారు. వాళ్ళలో ఒకామె లేచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు వైపులా చూసింది.

"సముద్రం ఎటేపు పోయిందమ్మా?" అని తెరలోంచి అడిగింది.

వరుసలో నిలబడ్డవాళ్ళంతా చేతులెత్తి చూపించారు, తలా ఒక దిక్కు.