కిరీటం దాకా

లిబర్టీ స్టాచ్యూకి వెళ్ళడమంటే వసుమతికి ముందుగా పులిహోర కలపడం. అత్తగారు బయటి తిండి ముట్టరు. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి హాట్‌డాగ్ పేరు వింటేనే కడుపులో తిప్పుతుంది. అందుకని ప్లెయిన్స్‌బరోలో తాముండే అపార్ట్‌మెంట్‌లో అందరూ లేచేలోగా పులిహోర, పెరుగన్నం, పేపర్ ప్లేట్లు, మంచినీళ్ళు అన్నీ సంచిలోకి చేరాలి. పడవ దిగాక ఆ సంచికి కాపలా కూర్చునేదీ వసుమతే. ఓసారి రేణు కడుపులో ఉందని, ఓసారి రేణు చంటిపిల్లని, ఆ తరవాత అత్తగారి మోకాళ్ళని, ఎప్పుడూ ఏదో ఒకటి. "స్టాచ్యూ ఎక్కడికి పోతుంది వసూ? నువ్వెలాగూ ఇక్కడే ఉంటావు. పాపం, వాళ్ళు మళ్ళీ వస్తారా!" అనేవాడు మొగుడు కృష్ణమోహన్. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు, అదే వచ్చిన చిక్కు. ఆల్బమ్ నిండా స్టాచ్యూ తలమీది కిరీటం కిటికీల దగ్గర నవ్వుతున్న చుట్టాలే. పైనుంచి ఎలా ఉంటుందని ఆఫీసులో ఎవరో అడిగితే "వండర్‌ఫుల్" అని అబద్ధం కూడా ఆడేసింది.

ఎనభై నాలుగో సంవత్సరం వసంతంలో ఆ స్టాచ్యూ మూసేస్తున్నారని తెలిసింది. రిపేర్లట, రెండేళ్ళట. సరిగ్గా అప్పుడే కృష్ణమోహన్ చిన్నాన్న కొడుకు రామమోహన్, భార్య రాధారాణి వచ్చారు. వాళ్ళని తీసుకెళ్ళిన రోజు స్టాచ్యూ దగ్గర బెంచీ మీద కూర్చున్న మొగుడి ఒళ్ళో వసుమతి సంచి పెట్టింది.

"ఈసారి నేనెళ్తానండీ."

"మరి అమ్మ? రేణు?"

"మీరున్నారుగా."

"వెళ్ళనీరా, సరదా పడుతోంది," అన్నారు అత్తగారు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది వసుమతికి.

లోపల మెలికలు తిరిగే సన్నటి ఇనప మెట్లు. ఒక్కో మెట్టుకీ మనసు కిందికే లాగింది. అయిదేళ్ళ పిల్ల ఏడుస్తోందేమో, అత్తగారి మాత్రల వేళ దాటిపోయిందేమో, తనేం తల్లి, తనేం కోడలు? దిగిపోదామని వెనక్కి తిరిగితే వెనకంతా జనం. ఎక్కినవాళ్ళు పైదాకా వెళ్ళాల్సిందే, దిగే మెట్లు వేరు. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడింది.

పైన చిన్న చిన్న కిటికీలు, వాటిలోంచి నీళ్ళు, పడవలు. ఇంతేనా అనిపించింది. అయినా కదలబుద్ధి కాలేదు.

"పోదాం అక్కా, బావగారు ఎదురుచూస్తుంటారు," అంది రాధారాణి.

కిందికి వచ్చేసరికి రేణు వెక్కివెక్కి ఏడుస్తోంది. అత్తగారు నీరసంగా వెనక్కి వాలి ఉన్నారు.

"ఇంతసేపా వసూ! ఆకలికి ప్రాణాలు పోతున్నాయిక్కడ," అన్నాడు కృష్ణమోహన్.

"సారీ అండీ, సారీ..." పరుగున వెళ్ళి సంచి అందుకోబోయింది. అది ఇంకా అతని ఒళ్ళోనే ఉంది. జిప్పు కూడా తియ్యలేదు.

"మీరు పెట్టలేదా?"

"నువ్వొచ్చి పెడతావని..."

అతని మొహంలో కోపం లేదు, నిజంగానే తోచలేదు. వసుమతి చేతులు జిప్పు మీదికి వెళ్ళాయి. రేణు చెంపల మీద కన్నీళ్ళ చారలు చూస్తుంటే తప్పంతా తనదే అనిపించింది. అలా అనిపిస్తుండగానే చేతులు వెనక్కి తీసుకుని, రేణుని ఎత్తుకుని బెంచీ మీద కూర్చుంది.

"ముందు రేణుకీ అత్తయ్యగారికీ పెట్టండి," అంది. "తరవాత నాకూ ఓ ప్లేటు. పొద్దున్నుంచీ నేనూ ఏం తినలేదు."