కత్తిరించవలసిన పదకొండు నిమిషాలు

ఊరి కౌన్సిల్ ఆఫీసులో, సంబరాల కమిటీ నడిపే తెల్లమ్మాయి ఫిలిప్పా ఎంతో మర్యాదగా టీ ఇచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి చెప్పింది.

"పదకొండు నిమిషాలు కత్తిరించేస్తున్నాం, యూనా ఆంటీ. ఆ సినిమా చూసి మీవాళ్ళెవరూ బాధపడకూడదు కదా!"

టీలో ముంచిన బిస్కెట్టు యూనా చేతిలోనే మెత్తబడి, తెగి, కప్పులో పడిపోయింది. ఆమెకి డెబ్బై రెండేళ్ళు. డన్స్ క్రాసింగ్ ఊరి ఆస్పత్రి వంటగదిలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో కూరీలకి, అంటే ఆ దేశపు ఆదివాసులైన నల్లవాళ్ళకి, సంబంధించిన విషయం ఏదొచ్చినా కౌన్సిల్ వాళ్ళు ముందు ఆమెకే ఫోన్ చేస్తారు. ఆమె చెప్పింది తలూపుతూ వింటారు, ఆ తరవాత వాళ్ళనుకున్నదే చేస్తారు.

ఈసారి సంగతి ఎంప్రెస్ థియేటర్ గురించి. దానికి తొంభై ఏళ్ళు నిండుతున్నాయి. ఆ సంబరానికి, ఊరి పక్క మైదానంలోనే పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో తీసిన 'ఎర్రమట్టి యువరాణి' వేద్దామనుకున్నారు. తీరా రాజధానిలోని ఫిల్ముల భాండాగారం నుంచి కాపీ తెప్పించుకుని చూస్తే, కమిటీలో ఉన్న అయిదుగురికీ ముచ్చెమటలు పోశాయట.

"ఏ పదకొండు నిమిషాలు?" అంది యూనా.

ఫిలిప్పా జాబితా తీసింది. "మంట చుట్టూ గంతులేసేది, బంగళాలో పనివాళ్ళని తిట్టేది, ఏటి దగ్గర నీళ్ళు మోసే ఆడవాళ్ళది..."

"ఆ నీళ్ళు మోసేవాళ్ళలో ఎడం పక్కనుంచి రెండో మనిషి మా అమ్మ."

ఫిలిప్పా కలం ఆగిపోయింది.

"అవన్నీ తీసేస్తే ఇంకెవరు మిగుల్తారమ్మా?" అంది యూనా నెమ్మదిగా.

"హీరో ఉంటాడు. దొర ఉంటాడు. యువరాణి ఉంటుంది."

"యువరాణంటే, మొహాన బూటు పాలిష్ పూసుకున్న తెల్లావిడేగా?"

"ఆవిణ్ణి కూడా తీసేస్తే సినిమాయే ఉండదు, ఆంటీ."

"అంటే నల్లవాళ్ళందర్నీ పీకేసి, నలుపు పూసుకున్నావిణ్ణి మాత్రం ఉంచుతున్నారు. మాకు బాధ కలక్కుండా!"

ఫిలిప్పా మనిషి చెడ్డది కాదు, చెవుల దాకా ఎర్రబడిపోయింది. జాబితాని ఒకసారి పైనుంచి కిందికి చదువుకుని, మళ్ళీ కిందినుంచి పైకి చదువుకుని, రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"అయ్యో, అవును కదా!" అన్న మాట వేళ్ళ సందుల్లోంచి వినిపించింది.

*

యూనా చెల్లెలు మావిస్ ఈ కథంతా విని, వంటింటి బల్ల మీద తల ఆనించి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక రెండు కోరికలు చెప్పింది. అమ్మని చూడాలి. ఆ తరవాత, అసలా యువరాణి చివరికేమైందో తెలుసుకోవాలి.

చిన్నప్పుడు వాళ్ళిద్దరూ ఆ సినిమా ఎంప్రెస్‌లోనే చూశారు. చూడటమంటే, దీపాలు ఆరాక పక్కసందు తలుపులోంచి లోపలికి వెళ్ళి, నల్లవాళ్ళకని తాడు కట్టి వేరుచేసిన ముందు బెంచీల్లో మెడలు వెనక్కి విరుచుకుని కూర్చోవడం. మళ్ళీ దీపాలు వెలగకముందే బయటికి నడవాలి. అందుకే ఆ వయసులో ఏ సినిమాకీ వాళ్ళకి మొదలూ తెలీదు, చివరా తెలీదు. యువరాణి కొండమీంచి దూకేసిందని మావిస్, హీరోని పెళ్ళాడి సిడ్నీ వెళ్ళిపోయిందని యూనా, అరవయ్యేళ్ళుగా పోట్లాడుకుంటూనే ఉన్నారు.

వాళ్ళమ్మ మిర్టిల్ పోయి నలభై ఏళ్ళయింది. ఆమెవి రెండే ఫోటోలున్నాయి, రెండింట్లోనూ ఎండకి కళ్ళు చికిలించుకునే ఉంటుంది. షూటింగ్ ముచ్చట్లు మాత్రం బోలెడు చెప్పేది. పది రోజుల పనికి పిండి, టీపొడి, పొగాకు ఇచ్చారట. ఎండ మాడ్చేస్తుంటే యువరాణి మొహం కరిగి మెడమీదికి కారిపోయేదట. గొడుగు పట్టడానికి ఒకరు, తుడవడానికి ఒకరు, మళ్ళీ పూయడానికి ఒకరు!

"అక్కా, ఏమీ కోయొద్దనీ, మొత్తం వెయ్యమనీ చెప్పు," అంది మావిస్.

"మొత్తం వేస్తే ఆ దొర నోటికొచ్చినట్టు కూస్తాడే! పిల్లలుంటారు."

మావిస్ రొట్టె ముక్క గాల్లో ఊపింది. "వాడి నోరు నొక్కేద్దాం. బొమ్మ వాళ్ళది, మాట మనది. నాకో మైకు, నీకో మైకు."

యూనా చెల్లెల్ని ఎగాదిగా చూసింది. డయాలిసిస్‌కి వారానికి మూడుసార్లు వెళ్ళొచ్చే మనిషి. అక్కడి నర్సులు కూడా ఈవిడ కబుర్ల కోసం షిఫ్టులు మార్చుకుంటారు.

"యువరాణి ఎవరు మరి?" అని అడిగింది యూనా.

"నేనే. నీకా నడుము ఎక్కడేడిసింది?"

*

సినిమా ఏమీ కోయకుండా, రెండు మైకులతో వెయ్యడం మీద కమిటీ చర్చలు మూడు వారాలు సాగాయి. ఒకాయన తెరమీద ముందుగా హెచ్చరిక వెయ్యాలన్నాడు. రాసుకొచ్చిన హెచ్చరిక చదవడం మొదలుపెడితే, మధ్యలో ఒకావిడ లేచి కాఫీ కలుపుకొచ్చింది, ఇంకా అవలేదు. ఇంకొకాయన "ఎవరికైనా మనసు గాయపడితే?" అని పదేపదే అడిగాడు.

"నాయనా," అంది యూనా, "ఇన్నేళ్ళు ఆ పక్కసందులోంచి వెళ్ళొచ్చాం. ఎవరూ అడగలేదు. ఇప్పుడు ముందు తలుపులోంచి వచ్చి, మేడమీది మెత్తటి కుర్చీల్లో కూర్చుని, మా అమ్మని చూసుకుంటే గాయపడిపోతామా?"

ఫిలిప్పా ఓటింగు పెట్టింది, తన చెయ్యి అందరికన్నా ముందెత్తింది. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. గెలిచారు. ఎందుకైనా మంచిదని, బాధపడేవాళ్ళని ఓదార్చడానికి కౌన్సెలింగ్ చేసే ఒక అమ్మాయిని మాత్రం కాగితం రుమాళ్ళ డబ్బాతో సహా హాల్లో కూర్చోబెడతామన్నారు.

"ఆ పిల్లకి మంచి సీటివ్వండి," అంది మావిస్.

*

శనివారం మధ్యాహ్నం రెండింటికి ఎంప్రెస్ నిండిపోయింది. పక్క ఊళ్ళనుంచి కూడా కూరీ కుటుంబాలు వ్యాన్లలో దిగాయి. మేడమీది కుర్చీలకోసం ముసలమ్మలు చేతికర్రలు అడ్డుపెట్టి పోటీపడ్డారు. తెల్లవాళ్ళు కింద సర్దుకుని, నవ్వొచ్చా నవ్వకూడదా అని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. వేదిక మీద ఒక మూల రెండు కుర్చీలు, రెండు మైకులు. ప్రొజెక్టర్ గదిలో ఉన్న క్లెమ్‌కి యూనా చెయ్యి ఊపింది. శబ్దం లేకుండా బొమ్మ మొదలైంది.

యువరాణి బండరాయి వెనకనుంచి చేతులు చాచుకుని వచ్చింది.

"ఎవర్రా నా పాలిష్ డబ్బా తీసింది?" అని మావిస్ సన్నటి గొంతుతో కీచుమంది. "ఎడం చెవి పూయకుండా మిగిలిపోయింది!"

అందరూ చూశారు. నిజంగానే ఎడం చెవి గులాబీ రంగులో మెరుస్తోంది. హాలు ఒక్కసారిగా గొల్లుమంది.

హీరో టోపీ తీసి వంగాడు. యూనా గొంతు బొంగురు చేసింది. "ఓ సుందరీ! మీ నాన్నగారి భూమి ఎంత బాగుంది! నేనుంచేసుకోనా?"

"అబ్బ! అడిగి తీసుకునేవాణ్ణి ఇన్నాళ్ళకి చూశాను!"

మేడమీద ఒక ముసలాయన కుర్చీలోంచి జారిపోయాడు. తెరమీద దొర గుర్రమెక్కి, దూరానికి చెయ్యి చాపి గంభీరంగా పెదవులు కదిపాడు.

"ఆహా! ఒక్క నరపురుగైనా లేని ఖాళీ నేల!" అంది యూనా.

దొర వెనకాల నలభైమంది కూరీలు నిలబడి ఉన్నారు. "వెనక్కి తిరగరా!" అని మేడమీంచి ఎవరో అరిచారు. "వెనక్కి తిరుగు!" అని పిల్లలందుకున్నారు. చివరికి కింద కూర్చున్న తెల్లవాళ్ళు కూడా, మొదట గొణుగుతూ, ఆ తరవాత గొంతు చించుకుని, "వెనక్కి తిరుగు!" అని కేకలేశారు. కమిటీలో హెచ్చరిక రాసినాయన లేచి నిలబడి మరీ అరిచాడు. ఓదార్చడానికొచ్చిన పిల్ల రుమాళ్ళన్నీ తన కళ్ళకే వాడేసుకుంది.

అప్పుడొచ్చింది ఏటి గట్టు.

ఆరుగురు ఆడవాళ్ళు కిరసనాయిలు డబ్బాల్లో నీళ్ళు మోసుకుంటూ పైకి ఎక్కుతున్నారు. యూనా ఇక్కడికొక జోకు సిద్ధం చేసుకుంది, కాగితం మీద రాసుకుంది కూడా. ఎడం పక్కనుంచి రెండో మనిషి పక్కమనిషితో ఏదో అంది. కెమెరా వైపు చూడొద్దని వాళ్ళకి గట్టిగా చెప్పారట. ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల తలెత్తి, సూటిగా కెమెరాలోకి చూసి, నోరంతా తెరిచి నవ్వింది.

యూనా ఆ కాగితం మడిచేసింది. ఎదురుగా అమ్మ. తన మనవరాలికన్నా చిన్నది. నడుస్తోంది. చెయ్యెత్తి మోచేత్తో నుదురు తుడుచుకుంటోంది, యూనా వంటగదిలో రోజూ తుడుచుకున్నట్టే.

మావిస్ మైకు మరిచిపోయి మామూలు గొంతుతో అంది. "అక్కా! అమ్మకి అన్ని పళ్ళూ ఉన్నాయే!"

మైకు దాన్ని హాలంతా వినిపించేసింది. నవ్వూ ఏడుపూ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. యూనా ప్రొజెక్టర్ గది వైపు తిరిగి, "క్లెమ్మూ, మళ్ళీ వెయ్యి నాయనా," అంది. మళ్ళీ వేశాడు. మూడోసారి వేసేటప్పటికి మేడమీంచి, "చివరామె మా నానమ్మ!" అని కేక. నాలుగోసారికి, "ఆ కుక్క మాదే! దాని పేరు బారన్!" అని కుర్చీలోంచి జారిన ముసలాయన. అయిదోసారి వెయ్యమని కింద తెల్లవాళ్ళే అడిగారు.

యువరాణి చివరికి హీరో ఒళ్ళో చచ్చిపోయింది. తొమ్మిది నిమిషాలు పట్టింది. "ఇంకా ఉన్నానా?" అని మావిస్ నిమిషానికోసారి అడిగింది. "ఉన్నావు తల్లీ!" అని హాలంతా జవాబు చెప్పింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఓడిపోయారు. దీపాలు వెలిగాయి. ఒక్కరూ లేవలేదు.

బయటికొచ్చేసరికి వీధిలో ఇంకా ఎండ కాస్తోంది. ఎనిమిది మంది ముసలమ్మలు చేతులు చాచుకుని, గడ్డాలెత్తుకుని, యువరాణి నడకలో వీధి అడ్డంగా దాటారు. రెండువైపులా కార్లు ఆగిపోయాయి. ఒక లారీ డ్రైవరు హారను కొట్టబోయి, ఏమనుకున్నాడో, టోపీ తీశాడు.

*

సినిమాలో కనిపించిన వాళ్ళ పేర్లు ఊరివాళ్ళంతా కూర్చుని గుర్తుచేసుకుని, పద్నాలుగు రాసి భాండాగారానికి పంపారు. ఆధారాలేవని అక్కణ్ణుంచి ఉత్తరం వచ్చింది. యూనా, మావిస్ పక్కపక్కన నిలబడి, నోరంతా తెరిచి నవ్వుతూ ఫోటో దిగి, దాన్ని పంపించారు. ఏడు నెలలకి జవాబొచ్చింది. పద్నాలుగు పేర్లూ ఎక్కించారు. కుక్క సంగతి పరిశీలనలో ఉందన్నారు.

కౌన్సిల్ కమిటీలో అక్కచెల్లెళ్ళకోసం రెండు కుర్చీలు పెరిగాయి. మొదటి సమావేశంలో ఫిలిప్పా వాళ్ళకెదురుగా కూర్చుని, కలం తెరిచి, "చెప్పండి ఆంటీ, తరవాత ఏ సినిమా? చర్చ పెట్టదగ్గది, మీ మనసుని బాధపెట్టింది ఏదైనా ఉందా?" అంది ఆత్రంగా.

"బాధలూ చర్చలూ నెల్లాళ్ళు ఆగుతాయిలే," అంది మావిస్. "ఒక మంచి ప్రేమకథ చూడు. మగాడు కాస్త చూడబుల్‌గా ఉండాలి."

"కూరీ కుర్రాడైతే మరీ మంచిది," అంది యూనా. "ముద్దులుండాలి."

ఫిలిప్పా తలొంచుకుని, ఒక్క మాట పొల్లుపోకుండా అన్నీ మినిట్స్‌లో రాసుకుంది.